విద్యార్థి అంటే అడిగేవాడు

గుడి తరగతిలో సంధులు నేర్చుకున్నవాళ్లకు ఈ మాట గుర్తుండే ఉంటుంది. విద్య, అర్థి కలిస్తే విద్యార్థి. సవర్ణదీర్ఘ సంధి. రెండు ‘అ’లు కలిసి ‘ఆ’ అవుతుందని బోర్డు మీద రాసి చూపించి, మాస్టరుగారు అక్కడితో ఆపేసేవారు. ‘అర్థి’ అంటే ఏమిటో నేను చాలా ఏళ్ల తర్వాత నిఘంటువులో చూశాను. అర్థి అంటే కోరేవాడు, అడిగేవాడు. చదువు కావాలని అడిగేవాడు విద్యార్థి.

ఈసారి ఆ అడగడం గురించే రాస్తున్నాను. ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో డిగ్రీ చదవాలనుకునేవాళ్లకు మన దక్షిణాఫ్రికా ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. కానీ అడగవలసిన ఇళ్లలో చాలా ఇళ్లు అడగడం లేదు. చాట్స్‌వర్త్‌లో, ఫీనిక్స్‌లో, టోంగాట్‌లో తల్లిదండ్రులతో మాట్లాడితే రెండు కారణాలు వినిపిస్తాయి. “అది మనవాళ్లకు ఇవ్వరు, టీచర్.” “ఇచ్చినా అప్పే కదా, ఎప్పుడు తీరుస్తాం?” మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు. ఆ రెండు మాటలూ నిజం కావు. ఎందుకు కావో చెబుతాను. ఆ తర్వాత అంతకంటే ముఖ్యమైన విషయం చెబుతాను: డబ్బు దొరికాక దాన్ని ఎలా పోగొట్టుకోకూడదో.

ముందు మొదటి మాట. ఈ డబ్బు ఇచ్చే సంస్థను మనం నోటితో ఎన్‌ఎస్‌ఫాస్ అంటాం. పూర్తి పేరు నేషనల్ స్టూడెంట్ ఫైనాన్షియల్ ఎయిడ్ స్కీమ్. 1999లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. ఇవ్వాలా వద్దా అని చూసేటప్పుడు అది మీ ఇంటిపేరు చూడదు, మీ ఒంటి రంగు చూడదు. మీరు ఈ దేశ పౌరులా, మీ ఇంటి ఆదాయం ఎంత, ఎక్కడ ఏం చదవబోతున్నారు, ఈ మూడు విషయాలు చూస్తుంది. నాయుడు అయినా, ఖుమాలో అయినా, వాన్ వైక్ అయినా ఒకటే ఫారం.

ఆదాయం గీత ఎక్కడుందంటే, ఇంటి మొత్తం ఆదాయం ఏడాదికి 3,50,000 రాండ్‌లు దాటకూడదు. నెలకు లెక్క వేస్తే సుమారు 29,000. అంగవైకల్యం ఉన్న విద్యార్థికి ఆ గీత 6,00,000. ఇంట్లో ఒక్కరే సంపాదిస్తూ, ఆ ఒక్కరూ ఫ్యాక్టరీలోనో దుకాణంలోనో పనిచేస్తుంటే, మీరు దాదాపుగా ఆ గీత కింద ఉన్నట్టే. విద్యార్థికి సాసా గ్రాంటు వస్తుంటే ఆదాయం విషయంలో అర్హత ఉన్నట్టే లెక్క. అయినా దరఖాస్తు మాత్రం పెట్టాలి. అది దానంతట అది రాదు.

‘దరఖాస్తు’ అనే మాట కొత్తగా ఉందా? అప్లికేషన్ అని అర్థం. ఇది పారసీక భాష నుంచి తెలుగులోకి వచ్చింది. మీ పక్కింటి ఉర్దూ మాట్లాడే ఆంటీని అడగండి, ఆమెకూ తెలిసి ఉంటుంది.

రెండో మాట, అప్పు గురించి. ఈ భయానికి కారణం ఉంది. 2018కి ముందు ఎన్‌ఎస్‌ఫాస్ ఇచ్చింది నిజంగా అప్పే. బాగా పాసైనవాళ్లకు అందులో 40 శాతం వరకు మాఫీ అయ్యేది, మిగతాది ఉద్యోగం వచ్చాక తీర్చాలి. మన అన్నయ్యలు, అక్కలు కొందరు ఇంకా తీరుస్తూనే ఉన్నారు. వాళ్ల కథలే ఇంట్లో తిరుగుతున్నాయి. కానీ 2015లో దేశమంతా విద్యార్థులు ఫీజుల మీద చేసిన ఆందోళన మీకు గుర్తుంది. చిన్నవాళ్లయితే టీవీలో చూసి ఉంటారు. ఆ తర్వాత 2017 డిసెంబరు 16న అప్పటి అధ్యక్షుడు జేకబ్ జూమా, పేద కుటుంబాల, కార్మిక కుటుంబాల పిల్లలకు చదువు ఉచితమని ప్రకటించారు. అంతకు ముందు 1,22,000 రాండ్‌ల దగ్గర ఉన్న ఆదాయం గీత 3,50,000కి పెరిగింది. 2018లో మొదటిసారి చేరినవాళ్ల నుంచి అది అప్పు కాదు, బర్సరీ. తెలుగులో దీన్ని ‘ఉపకార వేతనం’ అంటారు. కాస్త పొడవాటి మాటే. నోట్‌బుక్‌లో రాసుకోండి, నెలాఖరులో అడుగుతాను.

నా తరగతిలో చదివిన ఒక అబ్బాయి ఇంటికి వెళ్లి ఈ విషయం చెబితే, వాళ్ల అవ్వ వంటింట్లోంచి బయటకు వచ్చి, “ఊరికే ఎవరిస్తారు రా డబ్బు?” అంది. మంచి ప్రశ్న. ఊరికే ఇవ్వరు. మనం కట్టిన పన్నులోంచి ఇస్తారు. అవ్వ సబ్బు కొన్నా అందులో వ్యాట్ ఉంటుంది.

అడగడం మనకు చిన్నతనం అనిపిస్తుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా పైకి వచ్చాం అని పెద్దవాళ్లు చెబుతారు. అందులో నిజం ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ రోజు నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మనుషులు గిరమిట్ కింద నటాల్‌కు వచ్చారు. వాళ్ల పిల్లలకు బడి కావలసి వచ్చినప్పుడు సర్కారు సరిపడా కట్టలేదు. మనవాళ్లు చందాలు వేసుకుని, ఇటుకలు మోసి బడులు కట్టారు. డర్బన్‌లో టెక్నికల్ కాలేజీకి డబ్బిచ్చిన ఎం. ఎల్. సుల్తాన్ కూడా గిరమిట్ మీద వచ్చిన మనిషే.

అయితే వాళ్లు అడగలేదని మాత్రం అనుకోకండి. చందాలు వేసుకుంటూనే అర్జీలు పెట్టారు, కోర్టులకు వెళ్లారు, సభలు పెట్టి గట్టిగా అడిగారు. 1936లో నటాల్ యూనివర్సిటీ కాలేజీ తెల్లవాళ్లు కానివాళ్లకు వేరేగా తరగతులు మొదలుపెట్టింది. అవి నడిచింది శాస్త్రి కాలేజీ గదుల్లో. నడిపించినది మేబెల్ పామర్ అనే ఉపాధ్యాయురాలు. విద్యార్థుల్లో చాలామంది పగలు బడుల్లో పాఠాలు చెప్పి, మిగిలిన వేళల్లో అక్కడ కూర్చుని చదువుకున్నవాళ్లు. ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదవడం మన డర్బన్‌లో ఆ రోజుల నుంచే ఉంది. ఇప్పుడు తరగతి గది ఫోన్‌లోకి వచ్చింది, అంతే.

ఇక ఆన్‌లైన్ చదువు సంగతి. మన దేశంలో ఈ విషయం వస్తే ముందు చెప్పుకోవలసినది యూనిసా. 1873లో కేప్‌లో మొదలైన పాత విశ్వవిద్యాలయం అది. 1916లో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా అనే పేరు వచ్చింది. 1946 నుంచి తపాలా ద్వారా పాఠాలు పంపడం మొదలుపెట్టింది. దీన్ని తెలుగులో ‘దూరవిద్య’ అంటారు. దూరం, విద్య, రెండూ మీకు తెలిసిన మాటలే. ఇప్పుడు అక్కడ 3 లక్షలకు పైగా విద్యార్థులు ఉన్నారు. నెల్సన్ మండేలా జైల్లో ఉండగానే 1989లో యూనిసా నుంచి లా డిగ్రీ పొందారు. అహ్మద్ కత్రాడా కూడా జైల్లోంచే యూనిసా డిగ్రీలు చదివారు. నా వయసు టీచర్లను అడగండి. శిక్షణ కాలేజీలో డిప్లొమా తీసుకుని, ఉద్యోగంలో చేరి, రాత్రిపూట యూనిసా పుస్తకాలతో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు స్టాఫ్ రూముకు నలుగురైనా ఉంటారు. పోస్టులో లావుపాటి కవరు వచ్చిన రోజు ఇంట్లో అందరికీ తెలిసిపోయేది, ఆ వారం మమ్మల్ని పెళ్లికి పిలవకూడదని.

యూనిసా ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అందుకని అక్కడ మొదటి డిగ్రీ చదివేవాళ్లకు ఎన్‌ఎస్‌ఫాస్ డబ్బు ఇస్తుంది. ఈ వాక్యంలో ‘ప్రభుత్వ’ అనే మాట కింద గీత గీసుకోండి. ఎన్‌ఎస్‌ఫాస్ డబ్బు వెళ్లేది 26 ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, 50 ప్రభుత్వ టీవెట్ కాలేజీలకు మాత్రమే. ప్రైవేటు కాలేజీకి వెళ్లదు. ఆ కాలేజీ ఎంత మంచిదైనా వెళ్లదు, దాని బోర్డు మీద ఎన్ని నక్షత్రాలు ఉన్నా వెళ్లదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా పాత విద్యార్థిని ఒకామె దీనిలోనే చిక్కుకుంది. సూపర్‌మార్కెట్‌లో టిల్ దగ్గర పని. ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ కాలేజీ ప్రకటన చూసింది. ఇంట్లోంచే చదువు, వాయిదాల్లో ఫీజు, ఒక మనిషి రోజూ ఫోన్ చేసి తీపిగా మాట్లాడతాడు. మొదటి వాయిదా కట్టేసింది. “ఎన్‌ఎస్‌ఫాస్ తర్వాత పెట్టుకోవచ్చు కదా” అని అడిగితే అతను “చూద్దాం” అన్నాడట. ఆ ‘చూద్దాం’ అనే మాట నమ్మి మరో మూడు వాయిదాలు కట్టింది. తర్వాత నా దగ్గరకు వచ్చింది. కాలేజీ రిజిస్టరైనదే, మోసం ఏమీ లేదు. కానీ అది ప్రైవేటు. ఎన్‌ఎస్‌ఫాస్‌కు అక్కడ చోటు లేదు. ఆమె ఇంటి ఆదాయం గీతకు చాలా కింద ఉంది. యూనిసాలో అయితే ఫీజు మొత్తం వచ్చేది. మరుసటి ఏడాది యూనిసాలో చేరింది, కానీ ఆ నాలుగు వాయిదాలూ పోయాయి. ఆమెకు అది రెండు నెలల జీతం.

అసలు రిజిస్టరే కాని కాలేజీలు కూడా ఉన్నాయి. డబ్బు కట్టేముందు ఉన్నత విద్యా శాఖ ప్రచురించే ప్రైవేటు సంస్థల రిజిస్టరు చూడండి. కోర్సుకు సాక్వా నంబరు ఉందో లేదో అడగండి. నంబరు ఇవ్వడానికి నసిగితే ఫోన్ పెట్టేయండి. ‘నసగడం’ అంటే తిన్నగా చెప్పకుండా గొంతులోనే గొణగడం. గుడి తరగతిలో నేర్పే మాట కాదు ఇది, జీవితంలో పనికొచ్చే మాట.

ఆ డబ్బు దేనికి వస్తుంది? యూనిసాలో చదివేవాళ్లకు ముఖ్యంగా ట్యూషన్ ఫీజు, పుస్తకాల ఖర్చు. మీ పిల్లవాడి స్నేహితుడు వెస్ట్‌విల్ క్యాంపస్‌లో గది అద్దె, తిండి ఖర్చు కూడా పొందుతున్నాడని మీరు వినే ఉంటారు. అది క్యాంపస్‌కు వెళ్లేవాళ్ల లెక్క. దూరవిద్యలో గది అద్దె ఇస్తారని ఎదురుచూడకండి. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా అని ప్రభుత్వం అంటుంది.

ఇందులో నాకు ఒక పేచీ ఉంది. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఖర్చు లేకపోదు. ఆన్‌లైన్ చదువుకు డేటా కావాలి, పనిచేసే ల్యాప్‌టాప్ కావాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు యూనిసా పరీక్షలు హాళ్లలోంచి ఆన్‌లైన్‌లోకి మారాయి. ఇప్పుడు చాలా పరీక్షలకు ఇన్విజిలేటర్ యాప్ అనేది ఫోన్‌లో పెట్టుకోవాలి. అది మనిషికి బదులు కాపలా కాస్తుంది. ఫోన్ పాతదైతే, బ్యాటరీ నిలవకపోతే, పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఆ బాధ విద్యార్థిదే. ఒక గదిలో నలుగురు పడుకునే ఇంట్లో, పక్కన టీవీ మోగుతుంటే పరీక్ష రాయడం ఎలాగో ఆఫీసులో కూర్చుని నియమాలు రాసేవాళ్లకు తెలియదు. మన గుడి హాళ్లు వారంలో ఐదు రోజులు ఖాళీగా ఉంటాయి. ఆ హాల్లో రెండు టేబుళ్లు, ఒక వైఫై పెడితే ఎంత పుణ్యమో కమిటీవాళ్లు ఆలోచించాలి. ఈ వాక్యాన్ని ఎడిటరుగారు కొట్టేయరని ఆశిస్తున్నాను.

ఇక నేను ముఖ్యం అన్న విషయం. డబ్బు దొరికినవాళ్లు దాన్ని ఎక్కడ పోగొట్టుకుంటారు? ఎక్కువమంది జనవరిలోనే పోగొట్టుకుంటారు, రిజిస్ట్రేషన్ రోజున, ఒక్క తప్పు లెక్కతో.

లెక్క ఇది. మన దేశంలో ప్రతి కోర్సుకు క్రెడిట్లు ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే 10 గంటల పని. చదవడం, అసైన్‌మెంట్ రాయడం, పరీక్షకు సిద్ధపడడం, అన్నీ కలిపి. యూనిసాలో మామూలు మాడ్యూల్ 12 క్రెడిట్లు. అంటే 120 గంటలు. మూడేళ్ల డిగ్రీకి 360 క్రెడిట్లు కావాలి. ఏడాదికి 120, అంటే 10 మాడ్యూళ్లు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. 10 మాడ్యూళ్లంటే 1,200 గంటలు. ఫిబ్రవరి చివర నుంచి అక్టోబరు చివర వరకు సుమారు 35 వారాలు. వారానికి 34 గంటలు పడుతుంది. అది దాదాపు ఒక పూర్తి ఉద్యోగం. ఇంట్లో ఉండి వేరే పని లేకుండా చదివే పిల్లవాడు చేయగలడు. రోజూ ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, టాక్సీలో గంట ప్రయాణం చేసి, ఇంటికి వచ్చి అన్నం వండే మనిషి చేయలేదు. 5 మాడ్యూళ్లయితే 600 గంటలు, వారానికి 17. రోజూ రాత్రి రెండు గంటలు, శని ఆదివారాల్లో మూడున్నర చొప్పున. కష్టమే, కానీ చేయవచ్చు.

ఫీజు ఎలాగూ ప్రభుత్వం కడుతోంది కదా, పది తీసుకుందాం అని చాలామంది అనుకుంటారు. ఉచిత భోజనం దగ్గర ఆకులో అన్నీ వడ్డించుకున్నట్టు. తర్వాత ఆరు మాడ్యూళ్లు ఫెయిలవుతారు. ఎన్‌ఎస్‌ఫాస్ ప్రతి ఏడాదీ ఎన్ని పాసయ్యారో చూస్తుంది. చాలినన్ని పాసవకపోతే వచ్చే ఏడాది డబ్బు ఆగిపోతుంది. ఐదు తీసుకుని ఐదూ పాసైనవాడు నిలుస్తాడు, పది తీసుకుని నాలుగు పాసైనవాడు పడిపోతాడు. ఇద్దరిలో కష్టపడినవాడు రెండోవాడే కావచ్చు. కంప్యూటరుకు అది కనిపించదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎన్‌ఎస్‌ఫాస్ ఎన్నేళ్లయినా కడుతూ పోదు. ఒక డిగ్రీకి ఇన్నేళ్లు అని పరిమితి పెడుతుంది. అందుకని మరీ నెమ్మదిగా, ఏడాదికి రెండు చొప్పున నడిస్తే డిగ్రీ పూర్తి కాకముందే డబ్బు ఆగిపోవచ్చు. చేరేముందే యూనిసా ఫండింగ్ ఆఫీసుకు ఈమెయిలు రాసి, “నేను ఏడాదికి ఇన్ని మాడ్యూళ్లు తీసుకుంటే ఎన్నేళ్లు కడతారు?” అని అడగండి. జవాబు రాతలో తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటను తర్వాత ఎవరికీ చూపించలేరు. హయ్యర్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి తర్వాత డిగ్రీకి వెళ్దామనుకునేవాళ్లు మరీ ముఖ్యంగా అడగాలి. ఈ బర్సరీ ఉన్నది మొదటి అర్హత కోసం. సర్టిఫికెట్ అయ్యాక డిగ్రీకి కూడా కడతారా అన్నది ముందే తెలుసుకుని దిగాలి.

సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ మూడో ఏడు చదువుతున్న ఒక అబ్బాయి నాకు తెలుసు. మొదటి ఏడు నాలుగే తీసుకున్నాడు. ఇంట్లో వెక్కిరించారు, “ఇలా అయితే పెళ్లి వయసు దాటాక డిగ్రీ వస్తుంది” అని. నాలుగూ పాసయ్యాడు. రెండో ఏడు ఆరు తీసుకున్నాడు. తన శక్తి ఎంతో ముందు తెలుసుకుని, తర్వాత పెంచాడు. మా పిల్లలకు నేను ఇదే చెబుతాను. మొదటి ఏడు తూకం వేసుకునే ఏడు.

దరఖాస్తు పెట్టడం కష్టం కాదు. యూనిసాకు ఒక దరఖాస్తు, ఎన్‌ఎస్‌ఫాస్‌కు వేరే దరఖాస్తు. రెండూ పెట్టాలి. ఒకటి పెడితే రెండోది అదే వెళ్తుందనుకుని ఏటా పిల్లలు నష్టపోతున్నారు. ఎన్‌ఎస్‌ఫాస్ దరఖాస్తు సాధారణంగా సెప్టెంబరులో తెరుస్తారు, ఏడాది చివర్లో మూస్తారు. మూసే రోజును తెలుగులో ‘గడువు’ అంటారు. మెట్రిక్ ఫలితాలు జనవరిలో వస్తాయి. అప్పుడు చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. ఫలితం కోసం ఆగకండి, మెట్రిక్ చదువుతుండగానే పెట్టండి. ఐడీ నంబరు, సొంత ఫోన్ నంబరు, ఈమెయిలు ఉండాలి. తల్లిదండ్రుల లేదా సంరక్షకుల వివరాలు అడుగుతారు. పెళ్లైనవాళ్లను భర్త లేదా భార్య వివరాలు అడుగుతారు. చెప్పిన ఆదాయాన్ని పన్నుల శాఖ సార్స్ లెక్కలతో పోల్చి చూస్తారు. అందుకని తగ్గించి రాయకండి, భయపడి పెంచి కూడా రాయకండి.

దరఖాస్తుకు ఒక్క సెంటు కూడా ఫీజు లేదు. “నేను పెట్టి పెడతాను, 300 ఇవ్వండి” అనే మనుషులు మాల్ దగ్గర, ఇంటర్నెట్ షాపు దగ్గర ఉంటారు. వాళ్లు తమ ఫోన్ నంబరు వేసి దరఖాస్తు పెడతారు. తర్వాత వచ్చే ఓటీపీలు, మెసేజీలు అన్నీ వాళ్లకే వెళ్తాయి. మీ పేరు మీద ఉన్న దరఖాస్తు మీ చేతిలో ఉండదు. పాస్‌వర్డ్ మీ అమ్మగారికి తప్ప ఎవరికీ ఇవ్వకండి.

ఎన్‌ఎస్‌ఫాస్ సాఫీగా నడిచే సంస్థ అని నేను చెప్పను. 2018లో ఒకసారి, 2024లో మళ్లీ, ప్రభుత్వం దాన్ని ప్రత్యేక పరిపాలకుడి చేతిలో పెట్టవలసి వచ్చింది. డబ్బు ఆలస్యం అవుతుంది. దరఖాస్తు తిరస్కరించి, కారణం ఒక్క లైనులో రాస్తారు. తిరస్కరిస్తే అప్పీలు పెట్టే హక్కు మీకు ఉంది. దానికీ గడువు ఉంటుంది. చాలా తిరస్కారాలు ఆదాయం లెక్కలోనో, కాగితం లేకపోవడంలోనో వస్తాయి. నాన్నగారి ఉద్యోగం పోయింది, కానీ సార్స్ దగ్గర పోయిన ఏడాది జీతమే ఉంది, అలాంటివి. ఉద్యోగం పోయినట్టు కాగితం చూపించి అప్పీలు గెలిచిన ఇళ్లు ఉన్నాయి. మొదటి ‘కాదు’ వినగానే లేచి వచ్చేయకండి.

గీత పైన ఉన్నవాళ్ల మాట ఏమిటి? ఒక టీచరు, ఒక నర్సు ఉన్న ఇల్లు 3,50,000 సులువుగా దాటిపోతుంది. ముగ్గురు పిల్లలు, ఇంటి బాండు, ముసలి తల్లిదండ్రులు, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. ఈ ఇళ్లను మన దేశంలో ‘మిస్సింగ్ మిడిల్’ అంటున్నారు. 3,50,000 దాటి 6,00,000 లోపు ఉన్నవాళ్లకు అప్పు ఇచ్చే పథకాన్ని 2024 జనవరిలో ప్రకటించారు. గుర్తుంచుకోండి, అది అప్పే. సంతకం పెట్టేముందు వడ్డీ, తీర్చే గడువు చదవండి. ఈ ఇళ్లకు యూనిసాలో ఒక సౌకర్యం ఉంది. ఫీజు మాడ్యూలు లెక్కన ఉంటుంది. ఈ సెమిస్టరులో రెండింటికే డబ్బుంటే రెండే తీసుకోవచ్చు. క్యాంపస్ విశ్వవిద్యాలయంలో గది అద్దె, బస్సు, తిండి కలిపి వచ్చే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

వయసు గురించి కూడా ఒక మాట. ఈ పత్రిక చదివేవాళ్లలో నలభై దాటిన అమ్మలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మెట్రిక్ అయ్యాక పెళ్లి, తర్వాత పిల్లలు, డిగ్రీ అనేది అక్కడే ఆగిపోయింది. మీకు ఇంతవరకు ఏ డిగ్రీ లేకపోతే, ఇంటి ఆదాయం గీత కింద ఉంటే, మీరూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత మెట్రిక్ సర్టిఫికెట్‌తో ఏ కోర్సుకు అర్హత ఉందో యూనిసా చెబుతుంది. డర్బన్‌లోనే వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్లి అడగవచ్చు. మా పెద్దల తెలుగు తరగతిలో ఒక పెద్దమ్మ ఉంది. యాభై ఆరేళ్లు. అఆలు నేర్చుకోవడానికి వచ్చింది. ఇప్పుడు యూనిసాలో చిన్నపిల్లల చదువు మీద కోర్సు చేస్తోంది. తెలుగు హోంవర్క్ మాత్రం ఇంకా తేవడం లేదు.

సెప్టెంబరులో పోర్టల్ తెరిచిన మొదటి వారంలోనే పెట్టండి, చివరి వారంలో అది ఎద్దుబండిలా నడుస్తుంది. పెట్టిన వెంటనే వచ్చే రిఫరెన్స్ నంబరును ఫోన్‌లో ఒక చోట, ఇంట్లో క్యాలెండరు వెనక ఒక చోట రాసుకోండి. ఫోన్ పోతుంది. క్యాలెండరు ఎక్కడికీ పోదు.